అమర్చాలి గాని అదమరాదు

(ఇంట్లో యంత్రాలు – నెలనెలా)

ఈ శీర్షికకు వచ్చే జాబులలో మిక్సీ మోత, గీజరు తుప్పు, ఇన్వర్టరు బ్యాటరీ నీళ్ళు – ఇవే ఎక్కువ. ఈ నెల హోసూరు నుంచి ఒక సోదరి వ్రాసిన జాబు వేరు. వారి అబ్బాయి ప్లస్ టూ ప్యాసై ఇంజనీరింగులో చేరాడట. ఒక కంప్యూటరును విడివిడి భాగాలు కొని తన చేతులతోనే కూర్చుకుంటానంటున్నాడట. దాని మీద చదువూ సాగుతుంది, ఆటలూ ఆడుకోవచ్చు అని వాడి మాట. సోదరి ఇలా వ్రాశారు:

“అన్నగారూ, మావాడు వ్రాసిచ్చిన పట్టీలో మొదటి వస్తువు ప్రాసెసర్. పదహారు కోర్లదట. దాని ధర చూసి వాళ్ళ నాన్నగారు పట్టీ మడిచి జేబులో పెట్టుకున్నారు, మళ్ళీ తీయలేదు. చీటీ సొమ్ము నా దగ్గర కొంత ఉంది. ఇవ్వాలనే ఉంది. కాని అంత ఖరీదుది నిజంగా కావాలా? పైగా కొట్టువాళ్ళ చేత బిగింపించుకోడట, తానే బిగిస్తాడట. చెయ్యి జారితే ఏమౌతుంది? తండ్రీ కొడుకులు వారం రోజులుగా సరిగా మాట్లాడుకోవడం లేదు.”

అమ్మా, మీరు అడిగినవి రెండు ప్రశ్నలు. రెండింటికీ జవాబు చెప్పగలను. రెండవదానికి జవాబు చెప్పే అర్హత నాకు కాస్త ఎక్కువే ఉంది. అది ఎలా వచ్చిందో తరువాత మనవి చేస్తాను.

మొదట ఎంపిక సంగతి. పెళ్ళివంట చూసినవారికి ఇది తేలికగా బోధపడుతుంది. అక్కడ వంటమేస్త్రి ఒకడుంటాడు. ఏ పొయ్యి మీద ఏది ఎక్కాలో, ఏది ఎప్పుడు దిగాలో అతడే చెబుతాడు. ఇంకొక ప్రక్క లడ్డూలు చుట్టేవారు వరుసగా కూర్చుని ఉంటారు. వారికి ఆలోచన తక్కువ, చేతులు ఎక్కువ. కంప్యూటరులో వంటమేస్త్రి ప్రాసెసర్. లడ్డూలు చుట్టే బృందం గ్రాఫిక్స్ కార్డు. ఆటలో శత్రువు ఎటు పరుగెత్తాలి, బంతి గోడకు తగిలి ఎటు మళ్ళాలి, మీట నొక్కితే ఏమి జరగాలి – ఇది ప్రాసెసర్ లెక్క. ఆ లెక్క ప్రకారం తెర మీది చుక్కలన్నిటికీ రంగులు వేయడం కార్డు పని. 1920 అడ్డం, 1080 నిలువు గల మామూలు తెర మీద 20 లక్షల పైచిలుకు చుక్కలుంటాయి. సెకనుకు 60 బొమ్మలు చూపాలంటే ఒక్కొక్క బొమ్మకు సెకనులో అరవయ్యో వంతే గడువు. ఆ గడువులో మేస్త్రి మాటా పూర్తి కావాలి, చుట్టేవాళ్ళ పనీ పూర్తి కావాలి. ఏ ఒక్కరు ఆలస్యం చేసినా బంతి ఆగిపోతుంది.

ఇందులోనే అసలు కిటుకు ఉన్నది. మేస్త్రి ఎంత ఘనుడైనా లడ్డూలు చుట్టడానికి నలుగురే ఉంటే విందు ఆలస్యమే. నలభైమంది చుట్టేవాళ్ళుండి మేస్త్రి నత్తనడక వాడైతే వాళ్ళు చేతులు ముడుచుకుని కూర్చుంటారు. కాబట్టి ఆటల కంప్యూటరుకు ప్రాసెసర్‌ను విడిగా ఎంచకూడదు. ముందు తెర ఏది, ఆ తెరకు తగిన కార్డు ఏది అని చూసి, ఆ కార్డును ఖాళీగా కూర్చోబెట్టని ప్రాసెసర్‌ను ఎంచాలి. 4కె అనే పెద్ద తెరలో చుక్కలు నాలుగింతలు. అక్కడ భారమంతా కార్డు మీద పడుతుంది. మేస్త్రి పని దాదాపు మునుపటంతే. చిన్న తెర మీద సెకనుకు 144, 240 బొమ్మలు కావాలనేవారికి మాత్రం మేస్త్రి చురుకు ముఖ్యం. మీ ఇంట్లో ఉన్న తెర సెకనుకు 60 బొమ్మలు చూపేదే అయితే, ఎంత ఖరీదు ప్రాసెసర్ కొన్నా తెర చూపేది 60 మాత్రమే.

ఇక కోర్లు. కోరు అంటే ఒక మేస్త్రి తల అనుకోండి. పదహారు తలలు ఉంటే పదహారింతలు వేగమని పిల్లలు అనుకుంటారు. ఆటలు అలా వ్రాయబడలేదు. చాలా ఆటలలో ఒకటి రెండు తలల మీదనే బరువు పడుతుంది. తక్కినవి తోడు నిలుస్తాయి. ఆటలకు ఆరు కోర్లు చాలు, ఎనిమిది ఉంటే నిశ్చింత. పదహారు కోర్లు గంటల కొద్దీ వీడియోలు కూర్చేవారికి, పెద్ద పెద్ద ప్రోగ్రాములు కట్టేవారికి పనికివస్తాయి. మీవాడు మొదటి ఏడు విద్యార్థి. వాడి కళాశాల పనికి ఆరు కోర్లు అడ్డురావు.

కోర్లకంటె ఆటలకు ఎక్కువ అక్కరకు వచ్చేది క్యాష్. ఇది మేస్త్రి చేతి దగ్గరి పోపుల పెట్టె. ర్యామ్ కొట్టుగది. ఆవాలు కావలసినప్పుడల్లా కొట్టుగదికి పరుగెత్తితే నూనె మాడుతుంది గదా! ఎ.ఎం.డి. కంపెనీ 2022లో రైజెన్ 7 5800ఎక్స్3డి అనే ప్రాసెసర్‌లో మామూలు 32 మెగాబైట్ల క్యాష్‌కు ఇంకొక 64 మెగాబైట్ల ముక్క జోడించి 96 చేసింది. కోర్లు ఎనిమిదే. అయినా ఆటలలో అది తనకంటె ఎక్కువ కోర్లున్న వాటిని దాటిపోయింది. తరువాత 2023లో 7800ఎక్స్3డి, 2024లో 9800ఎక్స్3డి అదే బాటలో వచ్చాయి. డబ్బుకు లోటు లేనివారికి, వేగమైన తెర ఉన్నవారికి ఇవి మంచివే. మనవంటి ఇళ్ళలో ఆ సొమ్ము కార్డు వైపు మళ్ళిస్తే కంటికి కనబడే లాభం ఎక్కువ.

పేర్ల చివర ఉండే అక్షరాలు కూడా చూసుకోవాలి. ఇంటెల్ వారి ప్రాసెసర్‌కు చివర ఎఫ్ ఉంటే, దానిలో బొమ్మ చూపే భాగం పనిచేయదు. విడిగా కార్డు లేకపోతే తెర నల్లగానే ఉంటుంది. కె ఉంటే వేగం పెంచుకునే వీలుంటుంది. ఆ సరదా లేనివారు దానికి అదనంగా ఇచ్చుకోనక్కరలేదు. పాత సరుకు కొనేవారికి ఒక హెచ్చరిక: ఇంటెల్ 13, 14 తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్లు కొన్ని లోపల వోల్టేజి హెచ్చి నిలకడ తప్పుతున్నాయని 2024లో తేలింది. కంపెనీ దిద్దుబాటు విడుదల చేసి, వారంటీ రెండేళ్ళు పొడిగించింది. అటువంటివి ఎవరైనా వాడినది అమ్మజూపితే, బోర్డు బయాస్‌లో ఆ దిద్దుబాటు ఎక్కిందా, అంతకు ముందు ఎంతకాలం వాడారు అని అడగకుండా తీసుకోవద్దు.

అన్నిటికంటె ముఖ్యం సాకెట్. అంటే బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే పీట. ఒక పీట మీద ఇంకొక జాతి కూర్చోదు. ఇంటెల్ 12, 13, 14 తరాలకు ఎల్.జి.ఎ. 1700 పీట. 2024లో వచ్చిన కోర్ అల్ట్రా 200 వరుసకు 1851 పీట. ఎ.ఎం.డి.కి పాతది ఎ.ఎం.4, 2022 నుంచి ఎ.ఎం.5. ర్యామ్ కూడా దీనిని అనుసరించే ఉంటుంది: ఎ.ఎం.4కు డి.డి.ఆర్.4, ఎ.ఎం.5కు డి.డి.ఆర్.5. ఒకదాని ర్యామ్ రెండవదానిలో దూరదు. పీట కుదిరినంత మాత్రాన కూడా చాలదు. బోర్డు ముందు పుట్టి ప్రాసెసర్ తరువాత పుడితే, బోర్డుకు క్రొత్త బయాస్ ఎక్కిస్తే గాని గుర్తుపట్టదు. బోర్డు కంపెనీవారు ఏయే ప్రాసెసర్ ఏ బయాస్‌తో నడుస్తుందో పట్టిక ఇస్తారు. కొనేముందు చూడవలసినది ఆ పట్టిక.

ఇప్పుడు నా కథ.

మా అమ్మాయి కొడుకు ఇక్కడే బెంగుళూరులో చదువుతున్నాడు. 2024 వేసవిలో వాడికీ ఇదే కోరిక పుట్టింది. పండుగలకు పెద్దలిచ్చిన డబ్బు మూడేళ్ళుగా దాచుకున్నాడు. వాడి మొదటి పట్టీలోనూ పైన ఎక్స్3డి ప్రాసెసర్, క్రింద కార్డుకు మిగిలినది చిల్లర. ఇద్దరం పెన్సిలు పట్టుకుని కూర్చున్నాము. పై లెక్కలన్నీ వాడు నాకు నేర్పినవే. నేను అడ్డుప్రశ్నలు వేశానంతే. చివరకు రైజెన్ 5 7600 దగ్గర ఆగాము. ఆరు కోర్లు, 65 వాట్లు, పెట్టెలోనే కూలర్ ఇస్తారు, ఎ.ఎం.5 పీట. రేపు చేతిలో డబ్బు ఆడితే ఆ పీట మీదనే ఇంకా బలమైనది కూర్చోబెట్టవచ్చు. మిగిలిన సొమ్ములో పెద్ద భాగం కార్డుకు వెళ్ళింది. ఎస్.పి. రోడ్డులో రెండు మూడు కొట్లు తిరిగి సరుకు తెచ్చుకున్నాము.

భోజనాల బల్ల తుడిచి బోర్డు పెట్టాము. వాడు ప్రాసెసర్ మీద చెయ్యి వేయబోతే నేను ఆపాను. “నువ్వుండరా. ముప్పై అయిదేళ్ళు కర్మాగారంలో యంత్రాలు విప్పి బిగించినవాణ్ణి. వేలకు వేలు పెట్టిన వస్తువు” అన్నాను. కళ్ళజోడు లోపల గదిలో ఉంది. తెచ్చుకోలేదు. ప్రాసెసర్‌ను రెండు వేళ్ళతో పట్టి పీట మీదికి దింపుతుంటే ఒక మూల జారి వాలుగా పడింది. సరిగ్గా కూర్చోలేదేమో అని వేలితో కాస్త అదిమాను. మా కర్మాగారంలో అదిమితే కూర్చునేవి చాలా ఉండేవి. ఇది కూర్చునేది కాదు.

ఎత్తి చూస్తే ప్రాసెసర్‌కు ఏమీ కాలేదు. ఎ.ఎం.5 పీటలో మాత్రం 1718 సన్నని తీగముల్లులు ఉంటాయి. వాటిలో ఒక వరుస దువ్వెన పళ్ళు విరిగినట్లు ప్రక్కకు వాలిపోయింది. వాడు టార్చి వేసి చూశాడు. ఏమీ అనలేదు. “పరవాలేదు తాతా” అన్నాడు కాసేపటికి. ఆ మాట కంటె కోప్పడి ఉంటే బాగుండేది. కొట్టుకు పట్టుకుపోతే ముల్లు వంగినదానికి వారంటీ చెల్లదన్నారు. వారు చెప్పినది న్యాయమే. క్రొత్త బోర్డు నా పింఛనులోంచి కొన్నాను. డబ్బు పోయినందుకంటె, వాడి పనిని వాడి చేతిలోంచి లాక్కుని పాడుచేశానే అన్నది ఇప్పటికీ గ్రుచ్చుకుంటుంది.

రెండవసారి వాడు బిగించాడు. నేను కళ్ళజోడు పెట్టుకుని టార్చి పట్టుకున్నాను. వాడు చేసిన వరుస వ్రాస్తాను. మీ అబ్బాయి చదివే ఉంటాడు, అయినా మీరు ప్రక్కన కూర్చుంటే మీకూ తెలియాలి.

కొట్టులోనే క్రొత్త బోర్డు పీట మూత ఎత్తించి, టార్చి వాలుగా వేసి చూశాడు. ముల్లులన్నీ ఒకే తీరున మెరవాలి. ఫోనుతో ఫోటో తీసుకుని మూత వేయించాడు. తరువాత తగాదా లేకుండా ఇది మంచి పద్ధతి.

ఇంటికి వచ్చాక చేతులు కడిగి బాగా ఆరబెట్టుకుని, ఇనుప క్యాబినెట్‌ను ఒకసారి తాకాడు. ఒంటి మీది స్థిర విద్యుత్తు దాని గుండా పోతుంది. నైలాను చాప మీద గాని, దుప్పటి మీద గాని ఈ పని చేయకూడదు. బల్ల మీద బోర్డు వచ్చిన అట్టపెట్టె వేసుకుని చేయాలి.

పీట ప్రక్కనున్న మీటను క్రిందికి నొక్కి, ప్రక్కకు తప్పించి, పైకి లేపాడు. లోహపు చట్రం తెరిచాడు. ప్రాసెసర్‌ను అంచులు మాత్రమే పట్టుకున్నాడు. అడుగున బంగారు రంగు చుక్కలకు వేలు తగలనీయలేదు. ప్రాసెసర్ ఒక మూల చిన్న త్రికోణం గుర్తు ఉంటుంది. పీట మీదా అటువంటిదే ఒకటి ఉంటుంది. రెండూ కలిపి, అంచుల గాట్లు సరిచూసుకుని, దేవుని ముందు దీపం పెట్టినట్లు నిదానంగా దింపి వదిలాడు. అది తన బరువుకు తానే కూర్చుంది. ఇక్కడే నేను తప్పింది. ప్రాసెసర్‌ను అమర్చాలి గాని అదమరాదు. కూర్చోకపోతే దిక్కు తప్పని అర్థం. ఎత్తి మళ్ళీ చూసుకోవాలి.

తరువాత చట్రం మూసి మీట దించాడు. మీట దించేటప్పుడు మాత్రం బలం పట్టవలసి ఉంటుంది, కిర్రుమంటుంది కూడా. నేను “ఆగరా” అని అరిచాను. “ఇది ఇంతే తాతా” అన్నాడు. అప్పుడే పీట మీది నల్ల ప్లాస్టిక్ మూత తనంతట తాను ఎగిరి బయటికి వచ్చింది. దాన్ని పారేయక దాచుకోవాలి. బోర్డు ఎప్పుడైనా వారంటీకి పంపవలసి వస్తే కావాలి.

పెట్టెలో వచ్చిన కూలర్‌కు నాలుగు మరలు. దానికోసం బోర్డు మీద ముందే ఉన్న రెండు ప్లాస్టిక్ పట్టీలు విప్పాడు. ఆ కూలర్ అడుగున బూడిదరంగు పేస్టు పూసే వస్తుంది. దాన్ని వేలితో ముట్టకూడదు, పైన ఇంకొక పూత వేయకూడదు. విడిగా కొన్న కూలరైతే మధ్యలో బఠాణీ గింజంత పేస్టు చాలు. అడుగున అంటించిన పారదర్శకమైన కాగితం పీకడం మాత్రం మరువకూడదు. మరలను ఒకదాన్ని పూర్తిగా బిగించి రెండవదానికి పోలేదు. ఎదురెదురు మూలలు రెండేసి చుట్ల చొప్పున బిగించుకుంటూ వచ్చాడు. సైకిలు చక్రం పుల్లలు బిగించే తీరే అది. ఇంత మాత్రం నాకు తెలుసు. ఫ్యాన్ తీగను సి.పి.యు. ఫ్యాన్ అని వ్రాసి ఉన్న చోట గ్రుచ్చాడు. ర్యామ్ కడ్డీలు రెండింటిని ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండవ, నాలుగవ గాళ్ళలో పెట్టాడు. ప్రాసెసర్‌కు కరెంటు ఇచ్చే ఎనిమిది కాళ్ళ తీగ వేరే ఉంటుంది. దాన్ని మరచిపోయేవారు చాలామంది. తెర తీగను బోర్డుకు కాక గ్రాఫిక్స్ కార్డుకే తగిలించాలి.

అన్నీ పూర్తయి మీట వేశాము. ఫ్యాన్లు తిరిగాయి. తెర నల్లగానే ఉంది. ఒక నిమిషం. రెండు నిమిషాలు. నా గుండె జారిపోయింది. ఆపేయమన్నాను. వాడు మీట మీది నుంచి నా చెయ్యి తీసి ప్రక్కన పెట్టి, “మొదటిసారి ర్యామ్‌తో పరిచయం చేసుకుంటుంది. ఆలస్యమౌతుంది. మధ్యలో ఆపకూడదు” అన్నాడు. ఎ.ఎం.5 బోర్డులు డి.డి.ఆర్.5 ర్యామ్‌ను మొదటిసారి సరిచూసుకునేందుకు కొన్ని నిమిషాలు తీసుకుంటాయి. మూడవ నిమిషం దాటాక తెర వెలిగింది. బయాస్‌లో ప్రాసెసర్ పేరు, వేడి కనబడ్డాయి. వాడు నా వైపు చూసి నవ్వాడు. రెండు నెలల తరువాత చూసిన నవ్వు అది.

వేడి మాట వచ్చింది గనుక ఒక ముక్క. రైజెన్ 5 7600కు కంపెనీ పెట్టిన గరిష్ఠ హద్దు 95 డిగ్రీలు. అక్కడికి చేరితే అది తానే వేగం తగ్గించుకుంటుంది, కాలిపోదు. కాని మామూలు ఆటలోనే ఆ అంకె కనబడుతూ ఉంటే కూలర్ సరిగా కూర్చోలేదన్న మాట. బరంపురంలోను, యానాంలోను, చెన్నపట్నంలోను మే నెలలో గది వేడే ముప్పై ఎనిమిది ఉండే ఇళ్ళలో క్యాబినెట్‌ను బీరువా సందులో పెట్టవద్దు. ముందు వైపు గాలి లోపలికి, వెనుక నుంచి బయటికి పోయే చోటు ఉండాలి. రెండు మూడు నెలలకు ఒకసారి దుమ్ము దులపాలి.

పాత ఎ.ఎం.4 వాడే పాఠకులకు వేరే జాగ్రత్త ఉంది. వాటిలో కాళ్ళు పీటలో కాక ప్రాసెసర్‌కే ఉంటాయి. కూలర్ ఊడదీసేటప్పుడు ఎండిన పేస్టుకు అంటుకుని ప్రాసెసర్ కూడా ఊడివచ్చి కాళ్ళు వంగుతాయి. కాసేపు కంప్యూటరు నడిపి, పేస్టు వెచ్చబడ్డాక ఆపి, ప్లగ్గు తీసి, కూలర్‌ను అటూ ఇటూ మెల్లగా త్రిప్పి తీయాలి. నిలువునా లాగకూడదు.

సోదరీ, ఇప్పుడు మీ జవాబు. పదహారు కోర్లు అక్కరలేదు. ఆరు కోర్లది ఒకటి, ముందుకు సాగే పీట గల బోర్డు ఒకటి తీసుకుని, మిగిలిన సొమ్ము కార్డుకు పెట్టమనండి. వాడితో ఒక ప్రశ్న అడగండి: “మన తెర సెకనుకు ఎన్ని బొమ్మలు చూపుతుందిరా?” జవాబు చెప్పగలిగితే, లెక్క తెలిసినవాడే. చెప్పలేకపోతే పట్టీ మళ్ళీ వ్రాయమనండి.

బిగించడం మాత్రం వాడినే చేయనివ్వండి. చెయ్యి జారితే బోర్డు పోవచ్చు, నిజమే. కాని తన సొమ్ము, తన కష్టం అనుకున్న పిల్లవాడి చెయ్యి అంత తేలికగా జారదు. తెలుసునన్న ధీమా గల మా బోటి పెద్దల చెయ్యే జారుతుంది. వాళ్ళ నాన్నగారిని ఆ పట్టీ జేబులోంచి తీయమనండి. ఆదివారం మధ్యాహ్నం కళ్ళజోడు పెట్టుకుని, టార్చి పట్టుకుని వాడి ప్రక్కన కూర్చోమనండి. వాడు అడిగేదాకా చెయ్యి మాత్రం వేయవద్దని నా మాటగా చెప్పండి.

వచ్చే నెల వానల దృష్ట్యా పాత ఇళ్ళలో ఎర్తింగు సంగతి ముచ్చటించుకుందాము.